చింతపల్లి పద్దు: పట్టుకున్న తుపాకులకు ఒక వ్యాఖ్యానం

నెల్లూరు జిల్లా బోగోలులో మేం కొందరం కలిసి 1922-24 మన్యం తిరుగుబాటు మీద ఒక వార్‌గేమ్ తయారు చేస్తున్నాం. అట్టముక్కల మీద దళాలు, పటం మీద కొండలు, కనుమలు, పోలీసు స్టేషన్లు, రెండు పాచికలు. ఇంతవరకు చిక్కేమీ లేదు. ఆయుధాల పట్టిక దగ్గరికి వచ్చేసరికే గొడవ మొదలవుతుంది. విల్లు ఎంత దూరం, నాటు తుపాకి ఎంత బలం, పోలీసుల దగ్గర గుంజుకున్న తుపాకి ఎన్నాళ్ళు పనిచేస్తుంది అన్నవి తేల్చకపోతే ఆటలో గెలుపోటములకు అర్థం ఉండదు. ఆ పట్టికలోని మాటలను ఒక్కొక్కటే తీసుకుని వివరించడం ఇక్కడి పని. నా పట్టుదల ఒక్కదాని మీదే. శత్రువు దగ్గర తీసుకున్న తుపాకి విలువ దాని వెంట వచ్చిన తూటాల్లో ఉంది. ఆ లెక్క వదిలేసిన ఆట ఎంత అందంగా ఉన్నా చరిత్రకు అన్యాయం చేసినట్టే.

వార్‌గేమ్. పటం మీద యుద్ధాన్ని నియమాలతో, పాచికలతో ఆడే పద్ధతి ప్రష్యా సైన్యంలో స్థిరపడింది. 1824లో రైస్‌విట్జ్ అనే అధికారి తన తండ్రి మొదలుపెట్టిన ఆటను మెరుగుపరిచి సైన్యానికి ఇచ్చాడు. చిన్న పదాతి దళాల స్థాయి పోరును బల్ల మీదికి తెచ్చినవాటిలో జాన్ హిల్ రూపొందించిన 1977 నాటి స్క్వాడ్ లీడర్‌ది పెద్దపేరు. 1985లో వచ్చిన దాని పెద్ద రూపంలో, శత్రువు మెషిన్‌గన్ చేజిక్కించుకుని వాడితే అది త్వరగా మొరాయించేలా నియమం పెట్టారు. అలవాటు లేని చెయ్యి, తెలియని యంత్రం అన్న సంగతిని ఆ ఆట గుర్తించింది. కంప్యూటర్ ఆటల్లో చాలామట్టుకు ఆ మాత్రం జాగ్రత్త కూడా కనబడదు. నేలమీద పడి ఉన్న తుపాకి తీసుకోగానే గుండ్లు నిండి ఉంటాయి, చెయ్యి తిరిగిపోతుంది.

పట్టుకున్న ఆయుధం. ఈ మాటకు మన దగ్గర ఉన్నంత చక్కని ఆధారం చాలా దేశాల్లో లేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాదాపు మూడు వందల మందితో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడు. పదకొండు తుపాకులు, ఐదు కత్తులు, 1,390 తూటాలు, పద్నాలుగు బయొనెట్లు తీసుకున్నాడు. ఏమేం తీసుకున్నాడో స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. మర్నాడు కృష్ణదేవిపేటలో ఏడు తుపాకులు. ఆ మర్నాడు రాజవొమ్మంగిలో ఎనిమిది తుపాకులు, 825 తూటాలు. అక్కడ బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించింది కూడా ఆ దాడిలోనే. మూడు రోజుల్లో మొత్తం ఇరవై ఆరు తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు.

ఆ సంతకాన్ని ఇప్పటిదాకా ధైర్యానికి గుర్తుగానే చెప్పుకున్నాం. అది నిజమే. ఆట తయారు చేసేవాడికి మాత్రం అది పద్దు పుస్తకం. ఎదుటివాడి దగ్గర ఏం తగ్గిందో, తన దగ్గర ఏం చేరిందో అంకెలతో రాసి సంతకం చేసిన నాయకుడు దొరకడం అరుదు. ఆ అంకెలను పక్కన పెట్టి విప్లవకారుల అట్టముక్కలన్నిటి మీదా తుపాకి బొమ్మ వేస్తే రాజు రాసిన లెక్కనే కొట్టేసినట్టు.

ఇంకో లెక్క చూడండి. మూడు వందల మందికి ఇరవై ఆరు తుపాకులు. పదకొండు, పన్నెండు మందికి ఒకటి. అందుచేత మా ఆటలో విప్లవకారుల దళాలు పన్నెండు. వాటిలో తుపాకి దళాలు రెండే. మిగతా పదీ విల్లు, కత్తి, బల్లెం, నాటు తుపాకి. ఇలా చేస్తే ఆట సమతూకం తప్పుతుందని మొదట్లో వాదన వచ్చింది. తప్పనివ్వండి అన్నాను. మన్యంలో ఏనాడూ సమతూకం లేదు.

తూటా. మా ఆటలో తూటా అంటే చింతపిక్క. ఒక్కో పిక్క పది తూటాలకు లెక్క. చింతపల్లి గెలిస్తే 139 పిక్కలు, రాజవొమ్మంగి గెలిస్తే 82. మూడు స్టేషన్లూ కలిపి 250 పిక్కలు ఒక గిన్నెలో పడతాయి. తుపాకి దళం పోరుకు దిగినప్పుడల్లా ఆ గిన్నెలోంచి పిక్కలు తీసి పక్కన పారేయాలి. గిన్నె మళ్ళీ నిండదు. ప్రభుత్వం వైపు ఆడేవాడికి గిన్నే లేదు. అతని తూటాలు మద్రాసు నుంచి వస్తూనే ఉంటాయి.

మొదటిసారి ఆడిన కుర్రాడు రెండు పోరాటాల్లోనే పిక్కలన్నీ ఖర్చు పెట్టి, ఆ తర్వాత దళాన్ని కదపలేక కూచున్నాడు. "తుపాకి ఉండాది గదన్నా, కాల్చేదానికేం?" అని అడిగాడు. "ఉండేది తుపాకేరా అబ్బాయా, తూటాలేవీ?" అన్నాను. ఆ తర్వాత ఆటలో వాడు ఒక్కో పిక్కకూ ఆలోచించాడు. కనుమ దగ్గర దాక్కుని, ప్రభుత్వ దళం పూర్తిగా లోపలికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మూడంటే మూడు పిక్కలు వాడాడు.

సరిగ్గా దామనపల్లి ఘాట్‌లో 1922 సెప్టెంబర్ 24న జరిగింది అదే. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను గురిచూసి కొట్టారు. మనవాళ్ళను చంపకూడదన్న నీతి అందులో ఉంది. దాని పక్కనే తూటాల పొదుపు కూడా ఉందని నా అభిప్రాయం. తుపాకికి సుమారు వంద తూటాలు మాత్రమే ఉన్న దళం, పదులకొద్దీ కానిస్టేబుళ్ళ మీద గుండ్ల వాన కురిపించలేదు. ఇద్దరిని పడగొడితే మొత్తం పటాలం వెనక్కి తిరుగుతుందంటే అంతకంటే చవకైన యుద్ధం లేదు. తూటాల లెక్క లేని ఆటలో దామనపల్లి వ్యూహం ఒక ముచ్చటగా మిగిలిపోతుంది. లెక్క ఉన్న ఆటలో ఆడేవాడు దాన్ని తనంతట తనే కనిపెడతాడు.

తూటాలో రెండో సంగతి కొలత. గుండు కొలత ఒక్కటైనంత మాత్రాన తుపాకిలో పట్టదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన 7.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్ బ్రిటిష్ లూయిస్ గన్‌కు నకలు, కాబట్టి బ్రిటిష్ .303 తూటా దానికి సరిపోతుంది. జపాన్ పదాతి దళం వాడిన టైప్ 99 రైఫిల్ కూడా 7.7 మిల్లీమీటర్లే. దాని తూటా వేరు, .303 అందులో పట్టదు. పట్టికలో అంకె చూసి రెండూ ఒకటే అనుకుంటే బర్మా మీద తయారు చేసిన ఆట అంతా తారుమారవుతుంది. ఆజాద్ హింద్ ఫౌజ్ మీద ఆట చేసేవారు కూడా ఇక్కడే పొరబడతారు. సింగపూర్‌లో 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సేన లొంగిపోయాక దక్కిన తుపాకులే ఆ ఫౌజ్‌కు ప్రధాన ఆయుధాలు. అంటే ఎదురుగా ఉన్న బ్రిటిష్ ఇండియన్ సిపాయి చేతిలో ఏ తుపాకి ఉందో ఇటు సిపాయి చేతిలోనూ అదే. వాళ్ళ అట్టముక్క మీద జపాన్ అరిసాకా రైఫిల్ బొమ్మ వేస్తే బొమ్మా తప్పే, లెక్కా తప్పే.

మస్కెట్. ఈ మాట దగ్గర కాస్త ఆగి మాట్లాడాలి. తెలుగు సినిమాల్లోనూ, బొమ్మల్లోనూ మన్యం పోలీసు చేతికి పది తూటాల మ్యాగజైన్ ఉన్న లీ-ఎన్‌ఫీల్డ్ ఇచ్చేస్తారు. మారుమూల పోలీసు స్టేషన్ల సంగతి వేరు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక భయం పట్టుకుంది. భారతీయుల చేతికి ఇచ్చే తుపాకి ఎప్పుడైనా తమ మీదికే తిరగవచ్చు. అందుకని తెల్ల సిపాయిలకు కొత్త రైఫిల్ వచ్చినప్పుడు నల్ల సిపాయిలకు పాతది ఇచ్చేవారు. తెల్లవాళ్ళకు లీ-మెట్‌ఫర్డ్ వచ్చాక గాని మన సిపాయిలకు మార్టిని-హెన్రీ చేరలేదు. అది 1871 నాటి తుపాకి, ఒక్కో తూటా పెట్టి కాల్చాలి. జిల్లా పోలీసు అంతకంటే ఇంకో మెట్టు కింద. వాళ్ళకిచ్చే మస్కెట్ గొట్టం లోపల గాట్లు లేకుండా నున్నగా ఉంటుంది. గాట్లు లేకపోతే గుండు తిరుగుతూ పోదు, వంద గజాలు దాటాక ఎటు పోతుందో నమ్మకం ఉండదు.

తర్వాతి కాలంలో ఈ భయం ఇంకా తెలివిగా పనిచేసింది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్‌లనే తీసుకుని పోలీసులకు, జైలు కాపలాదారులకు .410 మస్కెట్లుగా మార్చారు. గొట్టం నున్నగా చేశారు. మ్యాగజైన్ చోట చెక్క బిళ్ళ బిగించారు, ఒక్క తూటాకే వీలు. అన్నిటికంటే ముఖ్యం, సైన్యపు .303 తూటా అందులో పనికిరాదు. బయటి నుంచి చూస్తే అచ్చం లీ-ఎన్‌ఫీల్డే. ఎవరైనా దాన్ని గుంజుకుపోయినా సైన్యం తూటాలు దొంగిలించి వాడుకునే దారి మూసుకుపోతుంది. తుపాకి పోతుందని ముందే ఊహించి, పోయినా పనికిరాకుండా తయారు చేసిన తుపాకి అది.

అదే ప్రభుత్వం 1941లో ఇంగ్లండులో ఏం చేసిందో చూడండి. స్టెన్ గన్ తయారు చేసింది. గొట్టం ముక్కలు, రేకు, నాలుగు వెల్డింగులు, అతి చవక. దానికి ఎంచుకున్న తూటా 9 మిల్లీమీటర్ల పారబెల్లమ్. జర్మన్ సైన్యం పిస్తోళ్ళకూ, మెషిన్ పిస్తోళ్ళకూ వాడే తూటానే. ఆక్రమిత యూరప్‌లో రహస్య దళాలకు విమానాల్లోంచి జారవిడిచిన స్టెన్‌కు, చచ్చిన జర్మన్ సిపాయి జేబులోని తూటాలు చక్కగా సరిపోయాయి. ఫ్రాన్సులో పరాయి పాలన మీద తిరగబడేవాడికి శత్రువు తూటా పట్టే తుపాకి ఇచ్చారు. భారతదేశంలో పోలీసు చేతికి మాత్రం తమ సొంత సైన్యపు తూటా కూడా పనిచేయని తుపాకి ఇచ్చారు. ఆటలో "మస్కెట్" అన్న ముక్కకు బలం 2, స్టెన్‌కు బలం 3 అని రాసి ఊరుకుంటే ఈ తేడా కనిపించదు. ఆ ముక్క మీద రెండో అంకె ఉండాలి: ఎదుటివాడి తూటా పడుతుందా, పడదా.

బయొనెట్. చింతపల్లిలో తుపాకులు పదకొండు, బయొనెట్లు పద్నాలుగు. తుపాకి లేని మూడు బయొనెట్లను మా ఆటలో కత్తుల కింద కలిపేశాం. మన్యం పోరులో ఇంతకు మించి దీనికి పనిలేదు.

బదులు ఆయుధం. తుపాకి దొరకనప్పుడు చేతికందినది. ఈ మాట వినగానే పేదరికం గుర్తుకొచ్చి ఆట తయారు చేసేవారు బలం 1 వేసి వదిలేస్తారు. పెద్ద సామ్రాజ్యాలకు కూడా బదులు ఆయుధాలు తప్పలేదు. 1940లో జర్మనీ దండెత్తుతుందన్న భయంతో బ్రిటన్ ఏర్పాటు చేసిన హోమ్‌గార్డుకు అమెరికా పాత రైఫిళ్ళు ఇచ్చింది. వాటి తూటా .30-06, బ్రిటిష్ తూటా .303. చీకట్లో ఒకదానికి బదులు ఇంకొకటి పెడితే ప్రమాదమని వాటి చెక్క మీద ఎర్ర రంగు పట్టీ వేశారు. అవీ చాలక, ఇనుప గొట్టానికి పాత బయొనెట్ అతికించి రెండున్నర లక్షల బల్లేలు తయారు చేయించారు. మన్యపు కోయ చేతిలో బల్లెం చూసి జాలిపడే ఆటలో లండన్ గుమాస్తా చేతిలోనూ బల్లెం ఉండాలి మరి.

నాటు తుపాకి, తెలంగాణలో బర్మార్, బదులు ఆయుధాల్లో పెద్దది. మూతి నుంచి మందు పోయాలి, గుడ్డపీలిక కుక్కాలి, రవ్వలు వెయ్యాలి, మళ్ళీ పీలిక, ఇనుప చువ్వతో దట్టించాలి, వెనక రంధ్రం మీద పేలుడు టోపీ పెట్టాలి. అప్పుడు ఒక్కసారి పేలుతుంది. వాన పడితే మందు చెమ్మగిల్లి అదీ ఉండదు. మా నియమంలో నాటు తుపాకి దళం ఒకసారి కాల్చాక రెండు వంతులు ఆగాలి, వాన కార్డు వస్తే అసలు కాల్చకూడదు.

కానీ దానికి ఒక సుగుణం ఉంది. మందు ఊళ్ళోనే తయారవుతుంది, రవ్వలకు పాత సీసం ముక్క చాలు. ఫ్యాక్టరీ తూటా కోసం చూడనక్కర్లేదు. పట్టుకున్న తుపాకి మొదటి నెలలో రాజ్యం ఏలుతుంది, పిక్కలు తగ్గేకొద్దీ దిగజారుతుంది. బదులు ఆయుధం మొదటి రోజు ఎంత బలహీనమో ఏడాది తర్వాతా అంతే, అంతకంటే తగ్గదు. ఈ రెండు గీతలు ఎక్కడో ఒకచోట కలుస్తాయి. మన్యం మీద ఏ ఆటైనా నిజాయితీగా తయారు చేయాలంటే ఆ కలిసే చోటు కనిపించాలి. మా ఆటలో అది సుమారుగా ఏడో వంతు దగ్గర వస్తోంది.

వడిసెల. ఇది మా జిల్లావాళ్ళకు పరిచయం చేయనక్కర్లేదు. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పేనిన తాడు, నడుమ రాయి పట్టే అల్లిక, ఒక కొస వేలికి తగిలించుకుని తిప్పి వదిలితే రాయి చేను దాటి పోతుంది. 1946 నుంచి తెలంగాణలో దొరల గూండాలను, పోలీసులను ఊళ్ళోకి రానివ్వకుండా ఆపినవాటిలో ఇదీ, గుతుపలూ, కారప్పొడీ ముందు వరసలో ఉన్నాయి. ఆ తెలంగాణ పోరాటం మీద 1972లో పెద్ద పుస్తకం రాసిన పుచ్చలపల్లి సుందరయ్య మా నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టినవారే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికి జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, రాళ్ళు, వడిసెలలు. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపు వచ్చాకనే తుపాకుల వేట ఊపందుకుంది.

అయితే ఎదుటివాడి దగ్గర ఏముందో కూడా ఆట చెప్పాలి. 1948లో భారత ప్రభుత్వం వేసిన అంచనా ప్రకారం నిజాం కొమ్ముకాసిన రజాకార్లలో నాలుగో వంతు మందికే ఆధునిక ఆయుధాలు. మిగతావాళ్ళ దగ్గర మూతి నుంచి మందు పోసే తుపాకులు, కత్తులు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ ఆ ఏడాదే కరాచీ నుంచి విమానాల్లో హైదరాబాదుకు ఆయుధాలు చేరవేశాడంటే కొరత ఎంతో తెలుస్తుంది. కాబట్టి రజాకారు గుంపును ఓడించిన ప్రతిసారీ గెరిల్లా దళానికి రైఫిల్ ఇచ్చే నియమం తప్పు. పాచిక వేయాలి. నాలుగింట మూడుసార్లు దొరికేది మరో బర్మారే. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం దిగాక ఎదుట నిలిచింది బ్రెన్ గన్లు, సాయుధ వాహనాలు. 1951 అక్టోబర్ 21న పోరాటం విరమించేదాకా ఆ తేడా పూడలేదు. తెలంగాణ ఆటను మేమింకా మొదలుపెట్టలేదు, దానికి ఈ ఒక్క పట్టికే ఏడాది పని.

మొరాయింపు. తుపాకి పేలకపోవడం, తూటా ఇరుక్కోవడం, స్ప్రింగ్ విరగడం. ప్రభుత్వ దళానికి ఆయుధాలు బాగుచేసే మనిషి ఉంటాడు, విడిభాగాలు ఉంటాయి. విప్లవకారుల తుపాకి మొరాయిస్తే ఆ ముక్క తిరగేసి బల్లెం వైపు పెట్టడమే. రెండు పాచికల మీద పన్నెండు పడితే ప్రభుత్వానికి ఒక వంతు ఆగడం, వీళ్ళకు శాశ్వతంగా పోవడం. జర్మన్లు రష్యా నుంచి పట్టుకున్న పీపీఎస్‌హెచ్ తుపాకులకు కొత్త నంబర్లు ఇచ్చి, కొన్నిటిని తమ 9 మిల్లీమీటర్ల తూటాకు మార్పించుకున్నారు. వెనక ఫ్యాక్టరీలు ఉన్న సైన్యానికే ఆ వైభోగం. గూడెం కొండల్లో కమ్మరి కొలిమి మాత్రమే ఉంది.

ఖాళీ స్టేషన్. మొదటి మూడు దాడుల్లో దొరికినట్టే ప్రతి స్టేషన్‌లోనూ తుపాకులు దొరుకుతాయనుకోవడం ఆట ఆడేవాడి ఆశ. ప్రభుత్వం మేలుకుంది. అక్టోబర్ 15న అడ్డతీగల స్టేషన్ మీద దాడి చేసినప్పుడు ఆయుధాలు దక్కలేదు. అందుకే మా ఆటలో ఆగస్టు దాటాక స్టేషన్ గెలిస్తే పేరు ప్రతిష్ఠలు పెరుగుతాయి, గిన్నెలో పిక్కలు పడవు. చాలామందికి ఈ నియమం నచ్చలేదు. దీన్ని మాత్రం వదులుకునేది లేదు.

తిరిగి పోవడం. పట్టుకున్న ఆయుధం వచ్చిన దారినే తిరిగి పోతుంది. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం వరిచేలల్లో ప్రభుత్వ బలగాలు రాజు దళాన్ని పట్టుకుని బాగా దెబ్బతీశాయి. చేలో ఓడినవాడు చనిపోయినవారి తుపాకులు ఏరుకుని పోలేడు. కాబట్టి పోరు జరిగిన గడి ఎవరి చేతిలో మిగిలితే అక్కడి తుపాకులు వాళ్ళవే అన్నది నియమం. ఆ దెబ్బ తర్వాత రాజు నాలుగు నెలలపాటు పెద్ద దాడులకు దిగలేదు. 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో మళ్ళీ బాహాటంగా కనిపించాడు. మా ఆటలో కూడా డిసెంబర్ తర్వాత విప్లవకారుల వైపు ఆడేవాడు సాధారణంగా దళాలను కొండల్లోకి లాక్కుంటాడు. ఎవరూ చెప్పకుండానే.

ఆట ముగిసేసరికి విప్లవకారుల దగ్గర మిగిలిన తుపాకికి ఇన్ని పాయింట్లు అని మావాళ్ళు ఒక ప్రతిపాదన పెట్టారు. నేను ఒప్పుకోలేదు. అలా అయితే తుపాకులను గుహలో దాచి పెట్టినవాడు గెలుస్తాడు. పాయింట్లు నెలలకు ఇవ్వాలి. మలబార్ స్పెషల్ పోలీసును దింపడానికి ప్రభుత్వాన్ని బలవంతపెడితే కొన్ని, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ను అంత దూరం నుంచి రప్పించేలా చేస్తే మరికొన్ని. 1922 ఆగస్టు 22 నుంచి రాజును కొయ్యూరులో కాల్చిచంపిన 1924 మే 7 దాకా ఇరవై నెలల పైచిలుకు. ఇరవై ఆరు తుపాకులతో మొదలుపెట్టి ఇరవై నెలలు దాటించినవాడు మా బల్ల మీద గెలిచినట్టు.